డేటాబేస్ సర్వర్ మీద నలుగురికి షెల్ ఇవ్వాలంటే

అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ. ముందు నీ సమస్య రెండు ముక్కల్లో చెప్పేస్తా, తరువాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ అన్నీ నువ్వొక్కడివే చూస్తావు. ఉన్నది ఒకే ఒక్క ఉబుంటు లినక్స్ సర్వర్, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కాటా స్లిప్పులు, రైతుల బ్యాంకు ఖాతాలు, చెల్లింపులు అన్నీ అందులోనే. ఇప్పుడు నలుగురు దాని మీద లాగిన్, అంటే షెల్ (కమాండ్లు కొట్టే తెర), అడుగుతున్నారు. అకౌంట్స్ చూసే అమ్మాయికి రిపోర్టులు కావాలి. సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీ కుర్రాళ్ళిద్దరికీ లాగులు చూడాలి, క్వెరీలు కొట్టాలి. రాత్రి షిఫ్టులో కాటా దగ్గర ఉండే ఆయనకి ఏదైనా ఇరుక్కుంటే రీస్టార్ట్ చేసే వీలు కావాలి. ఓనరు 'ఇచ్చెయ్యప్పా, ఏముంది' అన్నాడు. నువ్వు నలుగురికీ ఆర్‌బ్యాష్ (కొన్ని పనులు కత్తిరించిన బ్యాష్ షెల్) పెట్టి, పాత్‌లో (కమాండ్లు వెతికే చోట్ల జాబితాలో) పీఎస్‌క్యూఎల్ అనే పోస్ట్‌గ్రెస్ క్లయింటు, ఫైళ్ళు చూపే లెస్, టెయిల్ మాత్రం ఉంచితే సరిపోతుందా అని అడిగావు.

సరిపోదు. ఆర్‌బ్యాష్ పెట్టడం తప్పేమీ కాదు గానీ, దాని మీదే భారం వేస్తే ఆ ఖాతా నంబర్లకి కాపలా లేనట్టే. ఎందుకో చెప్తా. ఆ తరువాత ఒక్కొక్కరికి ఏమివ్వాలో చెప్తా. నా ఉద్దేశంలో ఆ నలుగురిలో ఎవరికీ షెల్ అవసరం లేదు. కమాండ్లు, ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నా, మాన్యువల్ పేజీల్లో అవే పేర్లతో దొరుకుతాయి.

ఆర్‌బ్యాష్ చేసే పని చాలా చిన్నది. సీడీ కొట్టి వేరే డైరెక్టరీకి వెళ్ళనివ్వదు. పాత్, షెల్ లాంటి వేరియబుల్స్ మార్చనివ్వదు. కమాండ్ పేరులో స్లాష్ ఉంటే ఒప్పుకోదు. గ్రేటర్‌దాన్ గుర్తుతో ఫైల్లోకి రాయనివ్వదు. ఇంకో రెండు మూడు ఉన్నాయి గానీ ముఖ్యమైనవి ఇవే. ఈ కట్టడి అంతా ఆ ఒక్క ప్రాసెస్‌కే. దాని కడుపున పుట్టిన ఇంకో ప్రోగ్రాముకి ఈ సంగతి తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నల్‌కి అసలే తెలియదు, దాని లెక్కలో అతను మామూలు యూజరే.

ఇది నాకు ఎదురుగా జరిగితే తెలిసింది. పదేళ్ళ పైమాట. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక చిన్న ఆఫీసులో డేటాబేస్‌లు చూసేవాణ్ణి. ట్రైనీగా చేరిన అబ్బాయికి అచ్చం నువ్వనుకున్నట్టే ఆర్‌బ్యాష్ ఇచ్చి, పాత్‌లో పీఎస్‌క్యూఎల్ ఒక్కటే పెట్టాను. మూడో రోజు భోజనాలయ్యాక వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి 'అన్నా, ఇది ఒకసారి చూడన్నా' అన్నాడు. పీఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ దగ్గర బ్యాక్‌స్లాష్, ఆశ్చర్యార్థకం, ఒక ఖాళీ, తరువాత స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ కొట్టాడు. డాలర్ గుర్తు వచ్చింది. సీడీ కొట్టాడు, వెళ్ళింది. అప్లికేషన్ కాన్ఫిగ్ ఫైలు క్యాట్ చేశాడు. డేటాబేస్ పాస్‌వర్డ్ స్క్రీన్ మీద పడింది, ఎందుకంటే ఆ ఫైలుకి 644 పర్మిషన్, అంటే ఎవరైనా చదవొచ్చు అని, పెట్టి ఉంది. ఆ అబ్బాయికి చెడ్డ ఆలోచనేమీ లేదు. బ్యాక్‌స్లాష్, ప్రశ్న గుర్తు కొడితే వచ్చే హెల్ప్ జాబితాలో ఆ వరుస చదివాడు, కొట్టి చూశాడు, వెంటనే వచ్చి చెప్పాడు. వాడు చెప్పకపోయి ఉంటే ఆ తలుపు ఎన్నాళ్ళు తెరిచి ఉండేదో.

జరిగిందేమిటంటే, బ్యాక్‌స్లాష్ ఆశ్చర్యార్థకం పక్కన ఏ కమాండ్ రాసినా పీఎస్‌క్యూఎల్ దాన్ని సీ లైబ్రరీలోని సిస్టమ్ అనే ఫంక్షన్‌కి ఇస్తుంది. ఆ ఫంక్షన్ స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్‌ని పిలుస్తుంది. యూజర్‌కి నువ్వు ఏ షెల్ కేటాయించావో అది చూడదు. అక్కడితో ఆర్‌బ్యాష్ కథ ముగిసింది.

ఇలాంటి దారులు ఇంకా ఉన్నాయి. పీఎస్‌క్యూఎల్‌లోనే బ్యాక్‌స్లాష్ ఓ పక్కన పైపు గుర్తు పెట్టి కమాండ్ ఇవ్వొచ్చు, బ్యాక్‌స్లాష్ కాపీకి ప్రోగ్రామ్ అని తగిలించొచ్చు, బ్యాక్‌స్లాష్ ఈ కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది, ఆ ఎడిటర్‌లోంచి షెల్. లెస్‌లో ఆశ్చర్యార్థకం. వీఐలో కోలన్ పెట్టి సెట్ షెల్. ఆక్, ఫైండ్ సరేసరి. మై‌ఎస్‌క్యూఎల్ క్లయింట్ అయినా ఇదే కథ, దానిలో సిస్టమ్ అనీ పేజర్ అనీ కమాండ్లే ఉన్నాయి. ఏ డేటాబేస్ క్లయింటునైనా ఒక ప్రోగ్రామింగ్ భాష ఇచ్చినట్టే లెక్క కట్టుకో.

క్లయింట్ ఇవ్వకపోయినా రెండు సందులు మిగులుతాయి. ఒకటి, పాత్‌ని నువ్వు బ్యాష్ ప్రొఫైల్‌లో కుదించావు. కానీ ఆ యూజర్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) కమాండ్ చివర మైనస్ టీ పెట్టి, బ్యాష్ మైనస్ మైనస్ నోప్రొఫైల్ అని రాస్తే, లాగిన్ ప్రొఫైల్ చదివే అవసరమే రాదు. పాత్ మామూలుగా ఉంటుంది, బ్యాష్ దొరుకుతుంది. రెండోది, ఆ ప్రొఫైల్ ఫైలుని రూట్ పేరు మీద పెట్టి రాయడానికి వీల్లేకుండా చేసి నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఫైలు ఉన్న డైరెక్టరీ యూజర్‌ది అయితే ఆ ఫైలుని తీసేసి కొత్తది పెట్టుకునే హక్కు అతనికి ఉంటుంది. హోమ్ డైరెక్టరీయే రూట్‌ది కావాలి. క్రాంటాబ్ (వేళకి పనులు నడిపే క్రాన్ జాబితా) కూడా మూసెయ్, క్రాన్ తన పనుల్ని మామూలు ఎస్‌హెచ్‌తోనే నడుపుతుంది.

అందుకే ఎవరైనా లాగిన్ అడిగితే నేను 'నీకు ఏ పని కావాలి' అని అడుగుతా. షెల్ కావాలి అన్నది సమాధానం కింద తీసుకోను. చివరిసారి అది లేక ఏ పని ఆగిపోయిందో చెప్పమంటా. నీ నలుగురి విషయంలో ఆ సమాధానాలు నువ్వు ముందే రాసేశావు, అదే మంచి పని.

అకౌంట్స్ అమ్మాయి సంగతి. ఆమె రోజూ అడిగేవి రెండు మూడు రిపోర్టులే అయితే రాత్రి క్రాన్‌లో తయారు చేయించి ఆమె ఫోల్డర్లో పడెయ్, లాగిన్ గొడవే లేదు. తనే క్వెరీలు మార్చుకుని చూస్తుంది అంటే ఆమె కంప్యూటర్లో డీబీవర్ అనే డేటాబేస్ చూసే ప్రోగ్రాము పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (ఆమె కంప్యూటర్ నుంచి సర్వర్లోని ఒక పోర్టుకి గుప్త దారి) ఒక్కటే ఇవ్వు. సర్వర్లో ఆమె యూజర్‌కి షెల్ స్థానంలో నోలాగిన్, అంటే షెల్ తెరవనివ్వనిది. లాగిన్ కీలు రాసే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆమె కీ ముందు రిస్ట్రిక్ట్ అనే మాట రాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.2లో, 2016లో వచ్చింది అది. ఫార్వార్డింగ్, టెర్మినల్, ఏజెంట్ అన్నీ ఒక్క మాటతో మూసేస్తుంది. తరువాతి వెర్షన్లలో ఇంకేదైనా కొత్త సదుపాయం వచ్చినా అది కూడా మూసే ఉంటుంది. దాని పక్కన పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఒక్కటి తెరిచి, పర్మిట్ ఓపెన్ అని రాసి లోకల్‌హోస్ట్ 5432 (పోస్ట్‌గ్రెస్ పోర్టు) ఇవ్వు. ఇక ఆ కీతో ఆ ఒక్క పోర్టుకి తప్ప ఎక్కడికీ పోలేరు. ఇక్కడ ఒక చోట అందరూ అరగంట పోగొట్టుకుంటారు: పర్మిట్ ఓపెన్‌లో రాసిన పేరూ, డీబీవర్లో రాసిన పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇక్కడ లోకల్‌హోస్ట్ అని రాసి అక్కడ 127.0.0.1 అని పెడితే ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్) అవి రెండూ ఒకటే అని అనుకోదు, తిప్పి పంపేస్తుంది.

ఆ కీస్ ఫైలు ఆమె హోమ్‌లో ఉండకూడదు. తన ఫైల్లోంచి రిస్ట్రిక్ట్ అనే మాటని తీసేసుకునే వీలు ఏ యూజర్‌కీ ఇవ్వకూడదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్ అనే వరుసని ఈటీసీ కింద రూట్ యాజమాన్యంలో ఉండే డైరెక్టరీకి మళ్ళించు, యూజర్‌కి ఒక ఫైలు.

టన్నెల్ ఇచ్చిన రోజే పీజీ హెచ్‌బీఏ ఫైలు (ఎవరు, ఎక్కడి నుంచి, ఎట్లా పోస్ట్‌గ్రెస్‌లోకి రావొచ్చో రాసేది) తెరిచి చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఆగి చెప్తున్నా. టన్నెల్ ద్వారా వచ్చిన కనెక్షన్ పోస్ట్‌గ్రెస్ కంటికి 127.0.0.1 నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ గొడవ తప్పుతుందని ఎవరో వీడియో చూసి 127.0.0.1 వరుసలో ట్రస్ట్ అని పెట్టి ఉంటారు. అట్లా ఉంటే అకౌంట్స్ అమ్మాయి డీబీవర్లో యూజర్ పేరు దగ్గర పోస్ట్‌గ్రెస్ అని కొడితే చాలు, పాస్‌వర్డ్ లేకుండా సూపర్‌యూజర్ అయిపోతుంది. అక్కడ పాస్‌వర్డ్ అడిగే స్క్రామ్ షా 256 పద్ధతి ఉండాలి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి అది ఉంది. పాత ఎండీ5 పాస్‌వర్డ్‌లు ఉంటే పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్ మార్చాక మళ్ళీ పెట్టించాలి, వాటంతట అవి మారవు.

సూపర్‌యూజర్ అంటే డేటా అంతా చూడగలడు అనుకుంటారు. అంతకంటే ఎక్కువ. 9.3 నుంచి కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్ అనే వాక్యం ఉంది, దానితో ఎస్‌క్యూఎల్‌లోంచే సర్వర్ మీద ఏ కమాండైనా నడపొచ్చు, పోస్ట్‌గ్రెస్ అనే ఓఎస్ యూజర్ హోదాలో. డేటా ఫైళ్ళన్నీ ఆ యూజర్‌వే. కాబట్టి కంపెనీ కుర్రాళ్ళు 'సుడో మైనస్ యూ పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ ఒక్కటి ఇవ్వండి సార్, అదొక్కటే' అని అడుగుతారు చూడు (సుడో అంటే వేరే యూజర్ హోదాలో కమాండ్ నడపడం), అది ఒప్పుకుంటే షెల్ ఇచ్చినట్టే, అదీ డేటాబేస్ సొంతదారుడి షెల్.

అసలు గోడ కట్టాల్సింది డేటాబేస్ లోపల, గ్రాంట్లతో, అంటే ఇచ్చే హక్కులతో. మనిషికొక రోల్ (డేటాబేస్ యూజర్). 'రిపోర్ట్' అని ఒకటి పెట్టి ముగ్గురికీ అదే పాస్‌వర్డ్ చెప్పొద్దు. రేపు ఏదైనా జరిగితే ఎవరు చేశారో ఎవరూ చెప్పలేరు. కొత్త వెర్షన్లలో, 14 నుంచి, పీజీ రీడ్ ఆల్ డేటా అనే రెడీమేడ్ రోల్ ఉంది. సులువుగా ఉంటుందని అది ఇచ్చేయకు, పేరులోనే ఉంది, ఆల్. రిపోర్టులకి వేరే స్కీమా (డేటాబేస్‌లో ఒక అర) పెట్టి అందులో వ్యూలు (టేబుల్లో కావాల్సినవే చూపే కిటికీలు) కట్టు. రైతు పేరు, ఊరు, స్లిప్పు నంబరు, తూకం, రేటు, చెల్లించిన తేదీ ఉండాలి. ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు చాలు, ఆధార్ వద్దే వద్దు. ఆ స్కీమా మీద యూసేజ్, వ్యూల మీద సెలెక్ట్ ఇవ్వు, అసలు టేబుల్స్ మీద ఏమీ ఇవ్వకు. వ్యూ తన ఓనరు హక్కులతో టేబుల్‌ని చదువుతుంది కాబట్టి ఆమె రిపోర్టు ఆమెకి వస్తుంది, టేబుల్ మాత్రం తెరుచుకోదు. నీ పోస్ట్‌గ్రెస్ 15 కంటే పాతదైతే పబ్లిక్ స్కీమాలో క్రియేట్ హక్కు అందరికీ ఉంటుంది, రివోక్ చెయ్. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయి వచ్చిన డేటాబేస్ అయితే 15లో కూడా ఆ హక్కు మిగిలే ఉంటుంది, చూసుకో.

ఆల్టర్ రోల్‌తో స్టేట్‌మెంట్ టైమౌట్ రెండు నిమిషాలు పెట్టు, మంచిదే. డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ కూడా పెట్టు. కానీ ఆ రెండూ ఆమె సెట్ అనే ఒక్క కమాండ్‌తో మార్చుకోగలదు. అవి పొరపాట్లు ఆపడానికి పనికొస్తాయి, మనిషిని ఆపడానికి కాదు. కనెక్షన్ లిమిట్ మాత్రం నిజంగా ఆపుతుంది, 3 పెట్టు.

ఇక కంపెనీ కుర్రాళ్ళు. లాగు చూడటానికి వాళ్ళకి ఇవ్వబోయే సుడో నియమం ఎట్లా ఉంటుందో నేను ఊహించగలను: టెయిల్ మైనస్ ఎఫ్, వార్ లాగ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, స్లాష్, నక్షత్రం గుర్తు. నేనూ అట్లా రాసినవాణ్ణే. సుడోలో ఆర్గ్యుమెంట్ల దగ్గర ఆ నక్షత్రం స్లాష్‌లనీ, ఖాళీలనీ కూడా కలుపుకుపోతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్లాష్ తరువాత రెండు చుక్కలు స్లాష్ అని మూడుసార్లు కొట్టి ఈటీసీ షాడో అని రాస్తే ఆ నియమం ప్రకారం అది సక్రమమైన కమాండే. మొత్తం సర్వర్ పాస్‌వర్డ్ హాష్‌లు తెర మీద.

నేను చేసేది ఇది. రూట్ పేరు మీద ఒక చిన్న స్క్రిప్టు, అది ఒక్క లాగు ఫైలు చివరి 500 వరుసలు చూపిస్తుంది, వేరే ఏ పనీ చేయదు. సుడో నియమాల ఫైలు సుడోయర్స్‌లో దాని పూర్తి పాత్ రాసి పక్కన ఏమీ లేని రెండు డబుల్ కోట్లు పెట్టాలి. ఆ కోట్లకి అర్థం ఏ ఆర్గ్యుమెంటూ ఒప్పుకోవద్దని. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో వాళ్ళ గ్రూపుకి మ్యాచ్ బ్లాక్ పెట్టి ఫోర్స్ కమాండ్ ఇంకో స్క్రిప్టుకి ఇవ్వు. వాళ్ళు కొట్టిన మాట ఎస్‌ఎస్‌హెచ్ ఒరిజినల్ కమాండ్ అనే వేరియబుల్‌లో వస్తుంది. దాన్ని కేస్‌లో పెట్టి అచ్చం 'లాగ్' అయితే లాగు, అచ్చం 'స్లో' అయితే నిదానంగా నడిచిన క్వెరీలు, మిగతా ఏదైనా సరే ఎగ్జిట్. ఆ వేరియబుల్‌ని ఎవాల్‌కి ఇవ్వడం, కోట్లు లేకుండా నడపడం చేశావంటే పడిన కష్టమంతా వృథా. ఇంకో సంగతి, ఫోర్స్ కమాండ్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఆ యూజర్ లాగిన్ షెల్ ద్వారానే నడుపుతుంది. కాబట్టి వీళ్ళకి నోలాగిన్ పెడితే స్క్రిప్టు నడవదు, మామూలు షెల్ ఉండాలి. టన్నెల్ ఇచ్చిన అమ్మాయికేమో నోలాగిన్ సరిపోతుంది. ఈ తేడా తెలియక నోలాగిన్ తీసేసి, తరువాత మర్చిపోయినవాళ్ళని చూశాను.

లాగు ఇచ్చేముందు లాగులో ఏముందో నువ్వు ఒకసారి చదువు. నిదానపు క్వెరీలు రాయించుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ క్వెరీలోని విలువలతో సహా పడతాయి. ఒక్క చెల్లింపు అప్‌డేట్ నిదానమైతే చాలు, రైతు ఖాతా నంబరు లాగు ఫైల్లో ఉంటుంది. వ్యూలో అంత జాగ్రత్తగా దాచింది ఇక్కడ బయటపడుతుంది. 13 నుంచి లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్ ఉంది, దాన్ని 0 పెడితే బైండ్ విలువలు (క్వెరీకి విడిగా పంపేవి) ఆగుతాయి. అప్లికేషన్ విలువల్ని నేరుగా క్వెరీలో అతికించి పంపే రకమైతే అది పనిచేయదు. అప్పుడు స్క్రిప్టులోనే పొడవాటి అంకెల్ని సెడ్‌తో చెరిపెయ్.

రాత్రి షిఫ్టాయనకి కావాల్సింది పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ కాదనుకుంటా, కాటా అప్లికేషన్ రీస్టార్ట్. రెండూ ఒకటే అనిపిస్తుంది ఆయనకి. అప్లికేషన్ సర్వీస్ పేరుతో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్, అదొక్క వాక్యమే సుడోలో ఇవ్వు. స్టేటస్ కూడా చూసుకుంటాడులే అని ఇవ్వకు. స్టేటస్ ఫలితం పొడవుగా ఉంటే లెస్‌లో తెరుచుకుంటుంది, 247 వెర్షన్‌కి ముందు సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపేది) ఆ లెస్‌ని కట్టడి చేసేది కాదు, సుడోలో ఉండగా ఆశ్చర్యార్థకం కొడితే రూట్ షెల్. 2023లో దీనికి సీవీఈ నంబరు (భద్రతా లోపాల నమోదు సంఖ్య) కూడా వచ్చింది. ఆయన డెస్క్‌టాప్ మీద ఒక బటన్ పెట్టి, నొక్కితే కీతో ఆ ఒక్క పనీ జరిగేలా చెయ్. రాత్రి రెండింటికి లైన్లో ట్రాక్టర్లు నిలబడి ఉంటే మనిషి కమాండ్లు గుర్తుపెట్టుకుని కొట్టే స్థితిలో ఉండడు.

ఇంత చేశాక కూడా కుర్రాళ్ళు 'మాకు ఫ్రీగా క్వెరీలు కొట్టుకునే చోటు కావాలి' అంటారు. అది న్యాయమే, తప్పు ఎక్కడుందో వెతకాలంటే డేటా కావాలి. ఆ చోటు ఈ సర్వర్ మాత్రం కాకూడదు. ఎందుకంటే సెక్యూరిటీ అంతా సరిగ్గా ఉన్నా ఒకే మెషీన్ మీద మెమరీ, డిస్కు అందరికీ ఉమ్మడి.

తిరుపతిలో ప్రైవేటు లాడ్జిల బుకింగ్‌లు చూసే ఒక చిన్న సంస్థకి నేను బయటి నుంచి సపోర్ట్ ఇచ్చేవాణ్ణి. వైకుంఠ ఏకాదశి ముందు రోజు రాత్రి ఫోన్ వచ్చింది, ఏ కౌంటర్లోనూ బుకింగ్ తెరుచుకోవట్లేదని. రిపోర్టులు రాసే మనిషికి షెల్ ఉంది, హక్కులన్నీ సెలెక్ట్ వరకే. అతను రెండు టేబుల్స్ కలిపే క్వెరీలో జాయిన్ షరతు మర్చిపోయి, ఫలితాన్ని బ్యాక్‌స్లాష్ కాపీతో తన హోమ్‌లోకి సీఎస్‌వీగా తీస్తున్నాడు. ప్రతి వరుసా ప్రతి వరుసతో కలిసింది. హోమ్, పోస్ట్‌గ్రెస్ డేటా ఒకే పార్టిషన్. డిస్కు నిండింది, పోస్ట్‌గ్రెస్‌కి కొత్త వాల్ (మార్పుల చిట్టా) ఫైలు రాయడానికి చోటు లేదు, ప్యానిక్ అని రాసి ఆగిపోయింది. ఈఎక్స్‌టీ4లో 5 శాతం చోటు రిజర్వ్ ఉంటుంది కదా అంటారు. అది రూట్‌కి మాత్రమే. పోస్ట్‌గ్రెస్ నడిచేది రూట్‌గా కాదు.

అక్కడున్న అబ్బాయి డిస్కులో పెద్ద ఫోల్డర్ ఏదో వెతికి, పీజీ వాల్‌లో పాత ఫైళ్ళున్నాయి తీసేస్తా అన్నాడు. ఫోన్లోనే గట్టిగా వద్దన్నాను. ఆ ఫైళ్ళు తీసి ఉంటే ఆ రాత్రి బుకింగ్‌లు కాదు, డేటాబేసే తిరిగి లేచేది కాదేమో. సీఎస్‌వీ ఫైలు తీసేయించి, సర్వీస్ స్టార్ట్ చేయిస్తే రికవరీ చేసుకుని లేచింది. ఆలోపు కొండకి వెళ్ళాల్సినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని, సామాన్లతో రిసెప్షన్ల దగ్గర నిలబడి ఉన్నారు. అతను ఏ హక్కూ దాటలేదు, దొంగతనంగా ఏదీ చూడలేదు.

నీ దగ్గర ఇదే జూన్, జూలైల్లో జరిగితే ఏమవుతుందో నీకే బాగా తెలుసు. దామలచెరువు నుంచో బంగారుపాళెం నుంచో కాయ వేసుకొచ్చిన ట్రాక్టరు లైన్లో ఆగితే ఎండకి కాయ మెత్తబడేది రైతుదే. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలిపి ఇచ్చినప్పుడు ఎవరి కాయ ఎంత తూగిందో తేల్చేది ఆ స్లిప్పే కదా. ఆ డేటాబేస్‌ని నేను ఆ కంటితోనే చూస్తా.

కాబట్టి స్టోర్ రూములో పాత డెస్క్‌టాప్ ఒకటి తీసి, ఒక ఎస్‌ఎస్‌డీ వెయ్యి. రెప్లికా పెట్టొచ్చు, పోస్ట్‌గ్రెస్ 9.0 నుంచి స్టాండ్‌బై మీద చదివే క్వెరీలు నడుస్తాయి. కానీ రెప్లికా అంటే ఉన్నదున్నట్టు నకలు, ఖాతా నంబర్లతో సహా. పైగా పెద్ద క్వెరీ నడుస్తుంటే, అసలు సర్వర్ నుంచి వచ్చే మార్పులతో గొడవపడి మధ్యలో రద్దవుతుంది. డిఫాల్ట్‌గా ఆగేది 30 సెకన్లే. నీ పరిస్థితికి నేను వేరే దారి చెప్తా. ప్రతి రాత్రి పీజీ డంప్ తీస్తావు కదా, దాన్ని ఆ డెస్క్‌టాప్ మీద రీస్టోర్ చేసి, వెంటనే ఒక స్క్రిప్టుతో ఖాతా నంబర్లు, ఫోన్లు, ఆధార్ చెరిపి వేరే అంకెలు పెట్టెయ్. ఆ స్క్రిప్టు పూర్తయ్యాకే కుర్రాళ్ళ లాగిన్ తెరుచుకోవాలి. అక్కడ వాళ్ళకి మామూలు బ్యాష్ ఇవ్వు, ఏ కత్తిరింపులూ వద్దు. ఒక రోజు పాత డేటా వాళ్ళకి చాలు. దీనితో ఇంకో లాభం, నీ బ్యాకప్ నిజంగా రీస్టోర్ అవుతుందో లేదో ప్రతి రాత్రీ తెలిసిపోతుంది.

డెస్క్‌టాప్‌కి కూడా ఓనరు ఒప్పుకోకపోతే, అదే సర్వర్ మీద కనీసం హోమ్‌ని, టెంప్‌ని వేరే పార్టిషన్లలో పెట్టు. సిస్టమ్‌డీలో యూజర్ స్లైస్‌కి డ్రాప్ ఇన్ రాసి మెమరీ మ్యాక్స్ 1 జీబీ, సీపీయూ కోటా 50 శాతం, టాస్క్స్ మ్యాక్స్ 100 ఇవ్వు. లేకపోతే ఎవరో పైథాన్‌లో పెద్ద ఫైలు తెరిస్తే మెమరీ అయిపోయి కెర్నల్ చంపేది పోస్ట్‌గ్రెస్‌నే కావచ్చు. ఆ డ్రాప్ ఇన్ రూట్ లాగిన్‌కి కూడా వర్తిస్తుంది, కాబట్టి యూజర్ 0 స్లైస్‌కి విడిగా మినహాయింపు రాసుకో, నువ్వే రీస్టోర్ చేస్తూ ఇరుక్కుంటావు. ఈ పార్టిషన్, స్లైస్ పనులు డెస్క్‌టాప్ ఉన్నా చేసిపెట్టుకో.

ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ మార్చేటప్పుడు నీ పాత సెషన్ మూయకు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ చిన్న టీ తో తప్పులు చూసి, పెద్ద టీ, పెద్ద సీ తో ఆ యూజర్ పేరిచ్చి చివరికి ఏ సెట్టింగ్ వర్తిస్తుందో చూసి, అప్పుడు రీలోడ్. మ్యాచ్ అని రాశాక దాని కింది వరుసలన్నీ ఆ బ్లాక్‌కే చెందుతాయి, అందుకే మ్యాచ్ బ్లాక్‌లు చివర్లో ఉండాలి.

కంపెనీ కుర్రాళ్ళ ఖాతాలకి మొదటి రోజే గడువు పెట్టు, సీజన్ అయిపోయే తేదీకి. ఛేజ్ మైనస్ పెద్ద ఈ. వాళ్ళలో ఒకడు ఉద్యోగం మానేశాడని తెలిసినప్పుడు పాస్‌డబ్ల్యూడీ మైనస్ ఎల్ కొట్టి లాక్ చేశాం అనుకుంటారు. అది పాస్‌వర్డ్‌ని మాత్రమే లాక్ చేస్తుంది, కీతో దర్జాగా లోపలికి రావొచ్చు. ఖాతాకి గడువు ముగించాలి, కీ ఫైలు తీసెయ్యాలి, డేటాబేస్‌లో రోల్‌కి నోలాగిన్ పెట్టాలి, అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు చంపాలి. నాలుగూ.

లాగులు వేరే మెషీన్‌కి పంపించు, ఆ డెస్క్‌టాప్‌కైనా సరే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దేశంలోనే దాచాలి, చొరబాటు లాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఓనరుకి ఖర్చు గురించి చెప్పాల్సి వస్తే ఈ రెండూ ముందు పెట్టు, వింటాడు.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం కూర్చుని ఆ నలుగురి కీలతో నువ్వే లోపలికి వెళ్ళి చూడు. టన్నెల్ కీతో షెల్ అడుగు, 22కీ ఇంకో పోర్టుకీ ఫార్వార్డ్ అడుగు. డీబీవర్లో పోస్ట్‌గ్రెస్ పేరుతో పాస్‌వర్డ్ లేకుండా ప్రయత్నించు. లాగు కీతో 'లాగ్' పక్కన సెమీకోలన్ పెట్టి ఐడీ అని పంపు. సుడో మైనస్ ఎల్ కొట్టి వచ్చిన ప్రతి వరుసలో నక్షత్రం ఉందేమో చూడు. రిపోర్టు రోల్‌తో రైతుల టేబుల్ మీద నేరుగా సెలెక్ట్ కొట్టు. ప్రతిదానికీ కాదనే రావాలి.

వీటన్నిటిలో ఈ రాత్రికే చేయాల్సింది ఒకటుంది, పీజీ హెచ్‌బీఏ తెరిచి ట్రస్ట్ అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడటం. ఉంటే నేరుగా మార్చేయకు, కాటా అప్లికేషన్ ఆ వరుస మీద ఆధారపడి పాస్‌వర్డ్ లేకుండా నడుస్తూ ఉండొచ్చు. ముందు దాని కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్ ఉందో లేదో, ఆ రోల్‌కి పాస్‌వర్డ్ పెట్టి ఉందో లేదో చూసి, అప్పుడు మార్చి రీలోడ్ చెయ్. ఆ ఫైల్లోని వరుసలు, మ్యాచ్ బ్లాక్ రాశాక అదీ, పేర్లు ఐపీలు తీసేసి ఇక్కడ పెట్టు. చూసి చెప్తా.